ఇల్లు కారుతోందని అద్దె ఆపేస్తే: అపోహలు - వాస్తవాలు

వానాకాలం మొదలైన నెలకల్లా మా ఆఫీసుకు ఒకే రకం మనుషులు రావడం మొదలవుతుంది. స్లాబు కారుతోంది, గోడల పెచ్చులు ఊడుతున్నాయి, స్విచ్ ముట్టుకుంటే షాక్ కొడుతోంది, ఎన్నిసార్లు చెప్పినా యజమాని పట్టించుకోలేదు, అందుకే అద్దె ఆపేశాం అంటారు. చేతిలో ఖాళీ చేయమనే లాయర్ నోటీసు ఉంటుంది. హైదరాబాద్‌లో అద్దె కేసులు చూసే న్యాయవాదిగా ఒక మాట చెప్పగలను: వీళ్లలో చాలామంది డబ్బు లేక ఆపినవారు కారు. న్యాయం తమ వైపు ఉందని నమ్మి ఆపినవారు. అందుకే వాళ్లు ఓడిపోతుంటే నాకు ఎక్కువ బాధ.

ఇక్కడ రాసేది తెలంగాణకు సంబంధించింది. ఆంధ్రప్రదేశ్ 2017లో వేరే అద్దె చట్టం చేసుకుంది, అక్కడివారు దాన్ని చూసుకోవాలి.

అపోహ: యజమాని మరమ్మతు చేయకపోతే అద్దె ఇవ్వనక్కర్లేదు.

వాస్తవం: అలా చెప్పే చట్టం లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఇచ్చిన హక్కు వేరు. యజమాని చేయించాల్సిన మరమ్మతును, మీరు తెలియజేసిన తర్వాత తగినంత సమయంలో ఆయన చేయించకపోతే, మీరే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. ఇందులో ప్రతి మాటకూ బరువు ఉంది. మొదట, ఆ మరమ్మతు యజమాని బాధ్యతే అయి ఉండాలి. అది సాధారణంగా అగ్రిమెంటులో తేలుతుంది. ‘మరమ్మతులన్నీ అద్దెదారువే’ అన్న వాక్యం చదవకుండా సంతకం పెట్టినవారిని ఎందరినో చూశాను. తర్వాత, మీరు చెప్పినట్టు రుజువు ఉండాలి. ఆ పైన, పని నిజంగా జరిగి ఉండాలి, డబ్బు నిజంగా ఖర్చయి ఉండాలి. అద్దె 12,000, ఖర్చు 9,000 అయితే ఆ నెల 3,000 కట్టాలి, బిల్లు కాపీ జతచేయాలి. మొత్తం అద్దె ఆపేస్తే ఈ సెక్షన్ మీకు అక్కరకు రాదు.

పాత ఇంటి ముందుగదిలో కుట్టు మిషన్లు పెట్టుకుని బతికే ఒక అమ్మ నా దగ్గరకు వచ్చింది. అద్దె 3,000. నీళ్లు కారి గుడ్డలు పాడవుతుంటే సొంత డబ్బు 11,000 పెట్టి స్లాబు బాగుచేయించుకుంది, కోపంతో ఏడు నెలలు అద్దె ఆపింది. ముందుగా ఒక ఉత్తరం రాసి, మేస్త్రీ చేత చీటీ రాయించుకుని, ఖర్చు మేరకు మినహాయించుకుని ఉంటే నాలుగో నెలలో వెయ్యి కట్టి మామూలుగా సాగిపోయేది. ఉత్తరం లేదు, చీటీ లేదు. పైగా యజమానికి ఆమె పంపిన వాట్సాప్ సందేశం ఉంది: ‘మీరు బాగుచేయించేదాకా పైసా ఇవ్వను’. అవతలి లాయర్ ఆ ఒక్క కాగితం చదివి కూర్చున్నాడు. ఆమె ఖాళీ చేయాల్సి వచ్చింది.

ఆ సందేశం ఎందుకంత దెబ్బ తీసిందో చెప్పాలి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం 10వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంటులో గడువు ఉంటే అది దాటిన 15 రోజుల్లోపు, గడువు లేకపోతే మరుసటి నెల చివరి రోజులోపు అద్దె చెల్లించాలి. లేదంటే ఖాళీ చేయించమని యజమాని అడగవచ్చు. ఎగవేత ఉద్దేశపూర్వకం కాదని రెంట్ కంట్రోలర్ (ఈ చట్టం కింద కేసులు వినే అధికారి) నమ్మితే బకాయి కట్టడానికి 15 రోజులకు మించకుండా అవకాశం ఇవ్వవచ్చు. జబ్బు చేసో, జీతం రాకో ఆలస్యమైనవారికి ఈ తలుపు తెరుచుకుంటుంది. కావాలనే ఆపానని స్వయంగా రాసిచ్చినవారికి తెరుచుకోవడం చాలా కష్టం.

అపోహ: అడ్వాన్స్ ఆయన దగ్గరే ఉంది కదా, అందులో పట్టుకుంటాడు.

వాస్తవం: అద్దె నియంత్రణ చట్టం కిందికి వచ్చే ఇళ్లలో (ఏవి రావో తర్వాతి అపోహలో చెబుతాను) ఈ వాదనకు కొంత బలం ఉంది. ఆ చట్టం ప్రకారం ఒక నెల అద్దెకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. గూడూరులోని ఒక హోటల్ కేసులో, అలాంటి అదనపు సొమ్ము యజమాని చేతిలో ఉండగా అద్దెదారును ఎగవేతదారు అనలేమని 1989లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మిగిలిన ఇళ్లలో అడ్వాన్స్ సంగతి అగ్రిమెంటు మాటే. ‘ఖాళీ చేసినప్పుడే తిరిగి ఇవ్వబడును’ అని ఉంటే మధ్యలో సర్దుబాటు చేయమని పట్టుబట్టలేరు.

అపోహ: ఏదేమైనా రెంట్ కంట్రోల్ కోర్టు అద్దెదారునే కాపాడుతుంది.

వాస్తవం: ఈ రోజు హైదరాబాద్‌లో అద్దెకున్న చాలా కుటుంబాలకు ఆ చట్టమే వర్తించదు. కట్టి 15 ఏళ్లు నిండని భవనాలకు మినహాయింపు ఉంది. 2005 సవరణ తర్వాత, మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500, ఇతర చోట్ల 2,000 రూపాయలు మించిన అద్దెలకూ మినహాయింపే. మియాపూర్‌లోనో ఉప్పల్‌లోనో అపార్ట్‌మెంటుకు 15,000 కడుతున్నవారి కేసు సివిల్ కోర్టుకు వెళ్తుంది. అక్కడ యజమాని కారణం కూడా చూపనక్కర్లేదు. అగ్రిమెంటు గడువు ముగిసి నెలనెలా సాగుతున్న అద్దె అయితే 15 రోజుల నోటీసు ఇచ్చి దావా వేస్తే చాలు. ఇక్కడ మీరు అద్దె కూడా ఆపి ఉంటే బకాయి, నష్టపరిహారం, ఖర్చులు అన్నీ కలిసి మీద పడతాయి.

అపోహ: కేసు పడింది కాబట్టి ఇక తీర్పు వచ్చాకే అద్దె.

వాస్తవం: ఇది అన్నిటికన్నా ప్రమాదకరం. అద్దె నియంత్రణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, బకాయి జమచేసి, కేసు నడిచినంతకాలం నెలనెలా కడుతూ ఉంటేనే మీ వాదన వింటారు. సరైన కారణం చూపకుండా మానేస్తే విచారణ అక్కడితో ఆపి ఖాళీ చేయమని ఆదేశిస్తారు. కారుతున్న స్లాబు ఫోటోలు ఫైలులోనే ఉండిపోతాయి.

అపోహ: నేను ఇస్తానన్నా ఆయనే తీసుకోలేదు, నా తప్పేముంది?

వాస్తవం: తీసుకోలేదని రుజువు చేయాల్సింది మీరే. గొడవ మొదలయ్యాక కొందరు యజమానులు కావాలనే అద్దె తిప్పి పంపుతారు. నాలుగు నెలలు ఊరుకుని ఎగవేత కేసు వేస్తారు. దీనికి అద్దె నియంత్రణ చట్టం 8వ సెక్షన్‌లో దారి ఉంది. ఏ బ్యాంకులో జమచేయాలో పది రోజుల్లో చెప్పమని నోటీసు ఇవ్వాలి. చెప్పకపోతే మనియార్డరు పంపాలి, దాన్నీ తిప్పికొడితే కంట్రోలర్ దగ్గర జమచేయాలి. ఈ చట్టం వర్తించని ఇళ్లలో ఆయన ఖాతాకు ప్రతి నెలా బదిలీ చేస్తూ ఉండండి.

అపోహ: అద్దె ఆపినవాడి ఇంటికి యజమాని తాళం వేసుకోవచ్చు.

వాస్తవం: వేయకూడదు. ఎంత బకాయి ఉన్నా ఖాళీ చేయించేది కోర్టు ఆదేశమే. అద్దె నియంత్రణ చట్టం కింద నీళ్లు, కరెంటు ఆపడమూ నిషిద్ధం. సామాను బయట పడేసి గెంటేస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఇంట్లోకి తిరిగి వెళ్లే హక్కు మీకుంది. ఆ ఆరు నెలలు బంధువుల పంచాయతీలతో గడిపేయకండి.

ఇప్పుడు మీ ఇల్లు కారుతుంటే ఈ వారమే అగ్రిమెంటు తీసి మరమ్మతుల వాక్యం చదవండి. తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి. ఏది పాడైందో, ఎన్ని రోజుల్లో బాగుచేయించాలో రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఈ నెల అద్దె బ్యాంకు ద్వారా కట్టి, ‘మరమ్మతుల విషయంలో నా హక్కులు వదులుకోకుండా చెల్లిస్తున్నాను’ అని ఒక సందేశం పెట్టండి. ఆ తర్వాత లాయర్ దగ్గరకు వెళ్లండి, ఆ కాగితాలన్నీ చేతిలో పట్టుకుని.