భోపాల్: 337 టన్నులు వెళ్లాక మిగిలిన నేల

2025 జనవరి 1 రాత్రి భోపాల్‌లోని పాత యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి 12 కంటైనర్లు బయల్దేరాయి. వాటిలో సుమారు 337 టన్నుల విష వ్యర్థాలున్నాయి. పోలీసు కాపలాతో దాదాపు 250 కిలోమీటర్లు నడిచి, వ్యర్థాలు కాల్చే ప్లాంటున్న ఇండోర్ దగ్గరి పారిశ్రామిక పట్టణం పీథంపూర్ చేరాయి. అక్కడి జనం మాకొద్దంటూ రోడ్డెక్కారు, ఇద్దరు ఒంటికి నిప్పంటించుకున్నారు. చివరికి హైకోర్టు పర్యవేక్షణలో ట్రయల్‌గా 30 టన్నులు, తర్వాత మిగతాది తగలబెట్టి జూన్ నెలాఖరుకల్లా ముగించారు. పీడ విరగడైందని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

భోపాల్ అనగానే 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రే గుర్తొస్తుంది. ఆ రాత్రి ట్యాంకులోంచి లీకైన మిథైల్ ఐసోసైనేట్ అనే విషవాయువు గాలిలో కలిసిపోయింది. నేలలో ఉన్న విషం సంగతి వేరు. అది అంతకు చాలా ముందే మొదలైంది.

1969లో ఇక్కడ పురుగుమందుల పని మొదలైంది. ముఖ్యమైన సరుకు కార్బరిల్, మార్కెట్లో సెవిన్. తయారీలో మిగిలిన మడ్డినీ పనికిరాని రసాయనాలనీ ఆవరణలోనే గుంటల్లో పోసేవారు. 1977లో ఫ్యాక్టరీకి ఉత్తరాన ఆవిరి చెరువులు కట్టారు. వ్యర్థజలాన్ని అందులోకి వదిలితే నీళ్లు ఎండకు ఆవిరైపోతాయి, మడ్డి అడుగున మిగులుతుంది, కిందకి ఇంకకుండా ప్లాస్టిక్ పొర అడ్డుంటుంది. కాగితం మీద బాగానే ఉంది. వానాకాలం సంగతి ఎవరికీ గుర్తు రాలేదేమో! చెరువు కారుతోందని 1982లోనే కంపెనీ లోపల టెలెక్సులు నడిచాయి. 1989లో కంపెనీ తెప్పించిన మట్టి, నీటి నమూనాల్లో వేసిన చేపలు చచ్చిపోయాయి. ఆ కాగితాలు చాలా ఏళ్ల తర్వాత గానీ బయటపడలేదు.

1998లో ఫ్యాక్టరీ ఉన్న లీజు భూమి రాష్ట్ర ప్రభుత్వం చేతికి తిరిగొచ్చింది. మరుసటి ఏడాది గ్రీన్‌పీస్ పరీక్షల్లో పాదరసం, హెచ్‌సీహెచ్ అనే పురుగుమందు, కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే ద్రావకం లాంటివి దొరికాయి. అసలు సెవిన్ నేలలో త్వరగానే విరిగిపోతుంది, మొండివి ఇవే. కార్బన్ టెట్రాక్లోరైడ్ నీటికంటే ఒకటిన్నర రెట్లు బరువు. పైన తేలదు, పగులు దొరికితే దాన్ని పట్టుకుని కిందకి దిగుతుంది, అక్కడి నుంచి భూగర్భ జలాల్లో కొద్దికొద్దిగా కరుగుతూనే ఉంటుంది. చుట్టుపక్కల బస్తీల్లో చేతిపంపులకు తాగొద్దని ఎర్రరంగు పూశారు. కుళాయి రాని ఇంటివాళ్లకు ఆ పంపే దిక్కు. ‘గ్యాస్ పీడిత్’ (గ్యాస్ బాధితులు) పక్కన ‘పానీ పీడిత్’ (నీటి బాధితులు) అనే మాట అలా పుట్టింది. 2004లో సుప్రీంకోర్టు మంచినీళ్లు ఇవ్వమని ఆదేశించాల్సి వచ్చింది.

బాధ్యత మాత్రం చేతులు మారుతూనే ఉంది. 1994లో కార్బైడ్ తన భారతీయ కంపెనీలో వాటా అమ్ముకుంది. 2001లో కార్బైడ్‌నే అమెరికా కంపెనీ డౌ కెమికల్ కొనేసింది. ఆ ఫ్యాక్టరీని తామెప్పుడూ నడపలేదన్నది డౌ వాదన. 2005లో పైపైన ఉన్న వ్యర్థాలు ఏరి, మూటలు కట్టి షెడ్డులో పెట్టారు. జర్మనీకి పంపుదామన్నారు, కుదరలేదు. ఇరవై ఏళ్లు గడిచాక కదిలినవి ఆ మూటలే. కాల్చేటప్పుడు సున్నం కలపడంతో బూడిద బరువు అసలు వ్యర్థాన్ని మించిపోయింది. దాన్నెక్కడ పాతిపెట్టాలన్నది పీథంపూర్‌కు కొత్త టెన్షన్.

2010లో నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ, మన హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ కలిసి వేసిన అంచనా ప్రకారం అక్కడ కలుషితమైన మట్టి 11 లక్షల టన్నులు. కంటైనర్లలో వెళ్లింది పదివేల టన్నులకు మూడు టన్నుల లెక్కన.