బండి కబురు చెబుతుంది సరే, వినేదెవరు?

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు చనిపోయారు. పోలీసులు చెప్పిన ప్రకారం, బస్సు కిందకు వచ్చిన బైకు అప్పటికే ప్రమాదానికి గురై రోడ్డు మీద పడి ఉంది. ముందు వెళ్లిన బండ్లు దాన్ని తప్పించుకుని వెళ్లిపోయాయి. వెనక వస్తున్న బస్సుకు ఆ సంగతి చెప్పే దారి లేదు.

బండికీ బండికీ మధ్య నేరుగా సంకేతాలు నడిచే వీ2వీ టెక్నాలజీ గురించి మళ్లీ మాట్లాడుకుంటున్నది ఇలాంటి ప్రమాదాల వల్లే. 2026 జనవరిలో రాష్ట్రాల రవాణా మంత్రుల సమావేశం తర్వాత కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ, ఈ పరికరాలను కొత్త బండ్లతో మొదలుపెట్టి తెస్తామని చెప్పారు. ఇందుకు 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 30 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ (రేడియో తరంగాల వాటా) ఇవ్వడానికి టెలికం శాఖ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ మాట బయటికి రాగానే హైదరాబాద్‌లో క్యాబ్, ట్రావెల్స్ యజమానుల నుంచి వచ్చే ప్రశ్న ఊహించడం కష్టం కాదు: మళ్లీ ఇంకో పెట్టెనా, దాని డబ్బు మళ్లీ మా జేబులోంచేనా?

ఆ 'మళ్లీ' వెనుక ఉన్న కథ తెలియకపోతే ఇది ఖర్చు దగ్గర గొణుగుడులాగే వినిపిస్తుంది. నిర్భయ ఘటన తర్వాత ప్రజా రవాణా బండ్లలో ట్రాకింగ్, ఎమర్జెన్సీ బటన్ ఉండాలన్న ఆలోచన ఎలా వచ్చిందో అందరికీ తెలిసిందే. నా లెక్కలో అసలు మలుపు 2018 అక్టోబరులో ఉంది.

అంతకు రెండేళ్ల ముందే కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 125హెచ్ అనే నిబంధన చేరింది. అమలు తేదీ వాయిదా పడి, చివరికి 2018 అక్టోబరు నోటిఫికేషన్‌తో గట్టిపడింది. 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే ప్రతి కొత్త ప్రజా రవాణా వాహనంలో ట్రాకింగ్ పరికరం, ఎమర్జెన్సీ బటన్ ఉండి తీరాలి. టూవీలర్లకు, ఈ-రిక్షాలకు, ఆటోలకు మినహాయింపు. పాత బండ్లకు ఎప్పటి నుంచి అన్నది రాష్ట్రాలు తేల్చుకోవాలి. నగరంలో ఎన్నో ప్రయాణాలు ఆటోల్లోనే నడుస్తుంటే, ఆటోను వదిలేసి రాసిన భద్రతా నిబంధన ఇది. ఆ వింత మీద అప్పట్లో పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

ఈ ట్రాకింగ్ పెట్టెను మాత్రం తక్కువ చేసి చెప్పలేం. ఇలాంటి పరికరాలకు పెట్టిన ఏఐఎస్-140 అనే ప్రమాణం ప్రకారం అందులో ఊడదీయడానికి వీల్లేని ఎంబెడెడ్ సిమ్ ఉంటుంది. బండి కరెంటు తీగ కోసేసినా కనీసం నాలుగు గంటలు పనిచేసే సొంత బ్యాటరీ ఉంటుంది. సిగ్నల్ లేని చోట 40 వేల దాకా లొకేషన్ నమోదులు దాచుకుని, సిగ్నల్ అందగానే పంపుతుంది. సీట్ల పక్కన ఎర్ర బటన్. అది నొక్కితే కబురు కంట్రోల్ రూమ్‌కు చేరాలి.

ఆ కంట్రోల్ రూమ్ ఎక్కడ? రాష్ట్రాలు మానిటరింగ్ కేంద్రాలు కట్టుకోవడానికి నిర్భయ నిధి కింద 460 కోట్లకు పైగా అంచనాతో కేంద్రం పథకం తెచ్చింది 2020 జనవరిలో. అంటే పెట్టె కొనాలన్న ఆజ్ఞ అమల్లోకి వచ్చిన ఏడాదికి, అది పంపే కబురు అందుకునే చోటుకు డబ్బు మాట వచ్చింది. యజమాని కొనాలి, ఏటా సిమ్ రీచార్జి యజమానే కట్టాలి, అటువైపు వినే మనిషి తర్వాత ఎప్పుడో వస్తాడు. క్యాబ్ వాళ్లలో ఈ పెట్టె మీద నమ్మకం పోయింది ఇక్కడే. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం బిగించి, ఆ తర్వాత రీచార్జి మానేస్తే తప్పు వాళ్లదే అనడం సులువు. అవతల ఎవరూ వినని ఫోనుకు ఎవరైనా ఎన్నాళ్లు బిల్లు కడతారు? పైగా యాప్ కంపెనీలు డ్రైవర్ ఫోన్ ద్వారా ప్రతి మలుపూ చూస్తూనే ఉంటాయి. అదే పనికి ఇంకో పరికరం ఎందుకన్న వాళ్ల ప్రశ్నకు రవాణా శాఖ అధికారుల దగ్గర ఒక సమాధానం ఉంది. యాప్ ఆపేస్తే ఆగిపోతుంది, పెట్టె ఆగదు అంటారు. అది నిజమే.

తెలంగాణలో దీనికి ఇంకో ముడి పడింది. 2018 నిబంధనల ప్రకారం ప్రతి ట్రాకింగ్ పరికరం వివరాలనూ, అది బిగించిన బండి వివరాలనూ తయారీదారు కేంద్రం నడిపే బండ్ల రిజిస్ట్రేషన్ల డేటాబేస్ వాహన్‌లో ఎక్కించాలి. తెలంగాణ ఏళ్ల తరబడి వాహన్‌లో లేదు. ఉమ్మడి రాష్ట్రం నాటి సీఎఫ్‌ఎస్‌టీ అనే కంప్యూటర్ వ్యవస్థ నుంచి మన రవాణా శాఖది సొంత సాఫ్ట్‌వేర్, సొంత రికార్డు. 2016లో ఆర్‌టీఏ ఎం-వాలెట్ తెచ్చినప్పుడు, ఫోన్‌లోనే లైసెన్సు, ఆర్‌సీ చూపించవచ్చని మనం గర్వంగా చెప్పుకున్నాం. తర్వాత రాష్ట్ర ప్రభుత్వ సేవల యాప్ టీ యాప్ ఫోలియో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ వాహన్‌లోకి వెళ్లిపోయాక కూడా మనం బయటే ఉన్నాం. కార్ల అమ్మకాల లెక్కలు చూసేవాళ్లకు 'తెలంగాణ మినహా' అన్న ఫుట్‌నోట్ అలవాటైపోయింది.

దీని ఇబ్బంది ఎక్కువగా పడింది బండి నడిపేవాళ్లు. జహీరాబాద్ దాటి కర్ణాటకలోకి వెళ్లిన డ్రైవర్‌ను అక్కడి పోలీసు ఆపుతాడు. తన ఫోన్‌లో వాహన్ వివరాలు చూపే కేంద్రం యాప్ ఎంపరివాహన్ తెరిచి టీఎస్ నంబర్ కొడతాడు, వివరాలు రావు. డ్రైవర్ టీ యాప్ తెరిచి చూపిస్తే ఇదేంటని అడుగుతాడు. పక్క రాష్ట్రం పోలీసుకే కనిపించని బండి, జాతీయ ట్రాకింగ్ వ్యవస్థకు ఎలా కనిపిస్తుంది?

అయితే వాహన్‌లో చేరనన్న హైదరాబాద్ మొండిపట్టు మరీ తెలివితక్కువదేమీ కాదని 2019లో తేలింది. ఆ మార్చిలో కేంద్రం బల్క్ డేటా షేరింగ్ విధానం తెచ్చింది. వాహన్ రికార్డులను, డ్రైవింగ్ లైసెన్సుల డేటాబేస్ సారథి రికార్డులను ఏడాదికి 3 కోట్ల రూపాయలకు కంపెనీలకు ఇవ్వవచ్చని అందులో ఉంది. వ్యక్తిగత గోప్యత మీద గొడవలయ్యాక 2020 జూన్‌లో రద్దు చేశారు. ఆ డేటా మీద 111 కోట్లకు పైగా వచ్చిందని ఆ తర్వాత పార్లమెంటుకు చెప్పారు. రద్దుకు ముందు చేతులు మారిన డేటా వెనక్కి వచ్చేది కాదు. కాబట్టి 'బండి డేటా సర్కారు దగ్గరే భద్రంగా ఉంటుంది' అన్న మాటను యజమానులు నమ్మకపోతే వాళ్లను తప్పుపట్టలేం. మన సొంత ఇల్లు కూడా అంత పదిలంగా లేదు. 'ప్రయాణ వివరాలు నమోదు చేసుకోండి, సురక్షితంగా వెళ్లండి' అన్న తెలంగాణ పోలీసుల హాక్‌ఐ యాప్ డేటా 2024లో హ్యాకింగ్ పాలైంది.

ప్రస్తుత ప్రభుత్వం వచ్చాక సారథి, వాహన్‌లలో చేరే పని సికింద్రాబాద్ ఆర్టీఏ ఆఫీసుతో మొదలైంది. ఏళ్ల తరబడి ఆగిన పనిని ఇప్పుడు హడావుడిగా చేయాల్సి వస్తోంది.

ఇక ప్రైవేటు భాగస్వామ్యం. ఇందులో హైదరాబాద్‌కు కొదవ లేదు. నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలిల్లో కూర్చుని ప్రపంచంలోని పెద్ద కార్ల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు వేలల్లో ఉన్నారు. కంది దగ్గర ఐఐటీలో, డ్రైవర్ లేని వాహనాల పరీక్షలకు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 130 కోట్లతో కట్టిన టీహాన్ ట్రాక్ 2022 జులైలో ప్రారంభమైంది. అంతకు నాలుగు నెలల ముందు అదే క్యాంపస్‌లో సుజుకి, మారుతి సుజుకి, ఐఐటీ కలిసి వీ2ఎక్స్ (బండి తన చుట్టూ ఉన్నవాటితో సంకేతాలతో మాట్లాడే టెక్నాలజీ) ప్రదర్శన చేశాయి. అంబులెన్సు వస్తోందని ముందు కారుకు చెప్పడం, ఎదురుగా రాంగ్ రూట్‌లో బండి వస్తోందని హెచ్చరించడం, పక్కనుంచి బైకు వస్తోందని చెప్పడం అన్నీ చూపించారు. రాంగ్ రూట్ హెచ్చరిక చూసి హైదరాబాదీలు నవ్వుకుని ఉంటారు. మన రోడ్ల మీద ఆ పరికరం క్షణం ఊరుకోదు.

క్యాంపస్ గేటు దాటి రోడ్డు మీదకు రావడానికి స్పెక్ట్రమ్ కావాలి. 2018లో కేంద్రం వై-ఫై కోసం 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో లైసెన్సు ఎత్తేసింది, కానీ 5.875 దగ్గర ఆగింది. బండ్లకు కావలసిన భాగం సరిగ్గా దాని తర్వాత మొదలవుతుంది. కంపెనీలు పరికరాలు చేయడానికి సిద్ధంగా ఉన్నా, ఏ తరంగం మీద మాట్లాడాలో తేలక ఏళ్లు గడిచాయి. అమెరికా 1999లోనే బండ్ల కోసం 75 మెగాహెర్ట్జ్ కేటాయించి, రెండు దశాబ్దాలు వాడకం పెరగక, 2020లో 45 మెగాహెర్ట్జ్ వై-ఫైకి ఇచ్చేసి 30 మాత్రమే మిగిల్చింది. తరంగం కేటాయించినంత మాత్రాన బండ్లు మాట్లాడుకోవన్నమాట.

ఇక్కడ పనికొచ్చే ఉదాహరణ ఆర్టీసీది. దాన్ని తక్కువగా చెప్పుకుంటున్నాం. ఇంటెల్, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్-సీఆర్‌ఆర్‌ఐ కలిసి 2021లో నాగ్‌పూర్‌లో మొదలుపెట్టిన ఐరాస్తే ప్రాజెక్టును తర్వాత మన ఆర్టీసీ దూరప్రాంత బస్సులకు తెచ్చారు. అద్దం వెనక కెమెరా ముందు బండి దూరాన్ని కొలిచి, ఢీకొనే పరిస్థితి వస్తే డ్రైవర్‌కు బీప్ వినిపిస్తుంది. బీప్‌లు ఎక్కువగా మోగిన చోట్లను గుర్తించి, ప్రమాదం జరగకముందే రోడ్డు బాగు చేయించాలన్నది ఆలోచన. ఇందులో కొనమని ఏ డ్రైవర్‌నూ ఒత్తిడి చేయలేదు. బస్సు, డిపో, డ్రైవర్ శిక్షణ ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. బీప్ వింటే డ్రైవర్‌కు వెంటనే లాభం. 125హెచ్ పెట్టెలో ఆ లాభమే లేదు, అది డ్రైవర్ గురించి పైవాళ్లకు చెబుతుందే తప్ప డ్రైవర్‌కు ఏమీ చెప్పదు.

వీ2వీ పరికరం ఈ విషయంలో పెట్టె కంటే నయం. సెల్ టవర్‌తో పని లేదు, సెకనుకు పది సార్లు వేగం, స్థానం, బ్రేకు వివరాలు కొన్ని వందల మీటర్ల లోపున్న బండ్లకు చేరతాయి. కానీ అది రెండు బండ్లలోనూ ఉంటేనే పని. కొత్త కార్లతో మొదలైతే, చిన్నటేకూరులో పడి ఉన్నటువంటి బైకు వంతు వచ్చేసరికి ఎన్నేళ్లవుతుందో చెప్పే కాగితం ఇంకా బయటికి రాలేదు.

బండ్లతో మాట్లాడేందుకు రోడ్డు పక్కన పెట్టే యూనిట్ల సంగతి వేరు. వాటికి హైదరాబాద్‌లో మొదట అనువైన చోటు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డే. గంటకు 120 కిలోమీటర్ల వేగం, కట్టడి చేసిన ఎంట్రీ, ఎగ్జిట్‌లు, అదుపులో ఉన్న టోల్ గేట్లు అన్నీ అక్కడ ఉన్నాయి. ఆ రోడ్డును 2023లో 7,380 కోట్లకు, 30 ఏళ్లకు ఐఆర్‌బీ సంస్థకు టోల్ లీజుకు ఇచ్చారు. ఆ టెండర్ మీద సిట్ వేస్తున్నట్టు 2024 డిసెంబరులో ముఖ్యమంత్రి అసెంబ్లీలో ప్రకటించారు, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. రేపు అక్కడ స్తంభానికి యూనిట్ బిగించాలంటే ఖర్చు లీజుదారుదా, హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏదా, అందులోంచి వచ్చే డేటా ఎవరిదన్నది ముందు వీళ్లిద్దరే కూర్చుని తేల్చుకోవాలి.