పరీక్ష చేస్తారు కదా అని నిజం దాచకండి

రక్తదాతల ఫారం నింపుతూ చాలామంది అనే మాట ఒకటుంది: "ఎలాగూ పరీక్ష చేస్తారు కదా!" బ్లడ్ బ్యాంకు ల్యాబులో పనిచేసే నాకు ఆ మాట వింటేనే భయం.

ఒంట్లో చేరిన మర్నాడే ఏ వైరస్సూ పరీక్షకు చిక్కదు. ఆ చిక్కని రోజులే విండో పీరియడ్. హెచ్‌ఐవీకి, వైరస్‌ను ఎదిరించడానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలను వెతికే పరీక్ష ఒక్కటే చేస్తే అది సుమారు 3 వారాలు. వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే నాట్ పరీక్షతో 10 రోజుల దరిదాపుకు తగ్గుతుంది, అంతే తప్ప పూర్తిగా పోదు. కాలేయానికి సోకే హెపటైటిస్ బి మరీ మొండిది, నాట్‌కు దొరకడానికీ వారాలు పడుతుంది. ఆ రోజుల్లో ఇచ్చిన రక్తం మా యంత్రంలో నాన్‌రియాక్టివ్, అంటే ఏమీ దొరకలేదు అనే వస్తుంది. మేం లేబుల్ అంటించి పంపేస్తాం. ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాగా విడదీసిన ఆ ఒక్క సంచి ముగ్గురికి ఎక్కవచ్చు.

ఒకసారి ఓ యువకుడు రక్తం ఇచ్చి, మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని, "హెచ్‌ఐవీ రిపోర్టు ఎప్పుడిస్తారు?" అని మూడుసార్లు అడిగాడు. పక్కగదిలో కూర్చోబెట్టి మాట్లాడితే, వారం కిందటి సంగతి ఏడుస్తూ చెప్పాడు. ఫారంలో మాత్రం అన్నింటికీ 'లేదు' అనే ఉంది. చెడ్డవాడేమీ కాదు, పరీక్షా కేంద్రం గడప తొక్కడానికి సిగ్గుపడ్డాడు. ఫలితం నాన్‌రియాక్టివే వచ్చింది. అయినా ఆ సంచిని పారేశాం. మళ్లీ ఎప్పుడు, ఎక్కడ పరీక్ష చేయించుకోవాలో రాసిచ్చి పంపాను.

అనుమానం ఉంటే పరీక్షా కేంద్రానికి వెళ్లండి, రక్తదానానికి రాకండి. ఇచ్చాక గుర్తొచ్చినా వెంటనే ఫోను చేసి, నా రక్తం వాడొద్దని చెప్పండి.

సొంతవాళ్ల రక్తమే క్షేమమంటారు. ఇంటివాళ్లంతా చుట్టూ ఉండగా ఎవరు నోరు విప్పి నిజం చెబుతారు? ఫ్రిజ్‌లో పెడితే వైరస్ చస్తుందన్నదీ అబద్ధమే. దానం చేస్తే జబ్బు అంటుకోదు, ప్రతి దాతకూ కొత్త సూది, కొత్త సంచి వాడతారు.

ఇక మళ్లీ రమ్మని మా నుంచి ఫోను వస్తే కుంగిపోకండి. ఒక్క సంచీ జారిపోకూడదని స్క్రీనింగ్ పరీక్షను కావాలనే అతి సున్నితంగా తయారుచేస్తారు. అందుకే ఏ జబ్బూ లేనివాళ్లు కూడా కొందరు రియాక్టివ్‌గా, అంటే జబ్బు ఉండొచ్చన్నట్టుగా తేలతారు. నిర్ధారణ పరీక్ష వేరే ఉంది. అలాంటి ఫోను అందుకుని రాత్రంతా కునుకు లేకుండా తెల్లారేసరికి మా గుమ్మం ముందు నిలబడిన ఒకావిడకు రెండో నమూనాలో ఏమీ లేదని తేలింది. హెపటైటిస్ సి నిజంగానే ఉందని తేలినా, చాలామందికి రెండు మూడు నెలల మాత్రలతో నయమవుతుంది. ఫోను వచ్చాక రాకుండా మాత్రం ఉండకండి.