నానో కార్బన్ పూత కోసం మీరు ఆగుతారు, దవడ ఎముక ఆగదు

"డాక్టరు గారూ, టైటానియం ఇంప్లాంట్ ఇప్పుడే వద్దండి. కార్బన్ నానో పూతవి వస్తున్నాయట, వారంలో ఎముక పట్టేస్తుందట. అవి వచ్చేదాకా ఆగుతాను." విశాఖలో పళ్ల డాక్టరుగా నా కుర్చీలో కూర్చునేవాళ్లు ఈ మధ్య తరచూ అంటున్న మాట ఇది. వెంటనే ఫోన్ తీసి వీడియో చూపిస్తారు. ఇంప్లాంట్ అంటే పోయిన పన్ను వేరు స్థానంలో దవడ ఎముకలో బిగించే స్క్రూ. నానో పూత అంటే దాని మీద వేసే, కంటికి ఆననంత సన్నటి కార్బన్ పూత.

అపోహ: ఆగితే పోయేదేముంది?

వాస్తవం: ఎముకే పోతుంది. గాజువాక తాపీమేస్త్రి ఒకాయనకి కింది దవడ పన్ను తీసి, మూడు నెలల్లో రమ్మన్నాను. ఏడాదిన్నరకి వచ్చాడు. తీసిన రోజు ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పున్న ఎముక గట్టు స్కాన్‌లో నాలుగే కనిపించింది. మామూలు ఇంప్లాంటే నాలుగుంటుంది, దానికి అటూ ఇటూ కనీసం ఒక్కో మిల్లీమీటరు ఎముక కావాలి. పన్ను లేని చోట ఎముక కరుగుతుంది. మొదటి ఏడాదిలోనే వెడల్పు సగం దాకా తగ్గొచ్చు. పాపం, ముందు గ్రాఫ్ట్ (తగ్గిన చోట ఎముక పొడి నింపడం), తర్వాత ఇంప్లాంట్, ఖర్చు రెండింతలు.

అలాగని వీడియోలో చెప్పిందంతా అబద్ధం కాదు. 2011లో సింగపూర్ పరిశోధకులు గ్రాఫీన్ అనే అతి పలచని కార్బన్ పొర మీద పెంచిన మూలకణాలు త్వరగా ఎముక కణాలుగా మారడం చూశారు. ఇలాంటి పూతల్లో వాడే మరో రకం, నానోట్యూబు అనే సన్నటి కార్బన్ గొట్టం. దాని మందం ఎముక కణంలో వెయ్యోవంతు ఉంటుందేమో. అలాంటి పూత గరుగ్గా ఉంటుంది. ఆ గరుకు మీద ముందు ప్రోటీన్లు అతుక్కుంటాయి, కణం వాటిని పట్టుకుని పరుచుకుంటుంది. ఇది చెబితే మేస్త్రి నవ్వాడు: "గోడకి గాట్లు పెట్టకుండా ప్లాస్టరింగ్ చేస్తే పెచ్చులూడిపోద్ది, అదే కదా బాబూ!" అదే. ఇంజనీర్లకి పావుగంట పడుతుంది ఇది ఎక్కడానికి.

కానీ అది ల్యాబ్‌లో కణాలు పెంచే గిన్నె. 37 డిగ్రీల వెచ్చదనం, వేళకి తిండి, క్రిములుండవు, నమలడం ఉండదు. పైగా పూత సరిగ్గా అంటుకోక రేణువులు ఊడితే అవే కణాలకి హాని చేయొచ్చు. గిన్నెలో వారానికి కనిపించింది నోట్లో వారానికి జరగదు. మేం ఇప్పుడు వాడే టైటానియం కూడా నున్నగా ఉండదు. ఇసుకతో కొట్టి, యాసిడ్‌తో గరుకు చేసిందే. 1965లో స్వీడన్ డాక్టరు బ్రేన్‌మార్క్ తన మొదటి రోగికి పెట్టిన టైటానియం స్క్రూలు నలభై ఏళ్లు పైగా పనిచేశాయి.

అపోహ: కార్బన్ అంటే క్యాన్సర్.

వాస్తవం: ఇప్పటికే ఇంప్లాంట్ ఉన్న ఒక టీచరమ్మ ఈ టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రపోలేదట. అమ్మా, మీ నోట్లో ఉన్నది టైటానియం. కొన్ని పొడవాటి, గట్టి నానోట్యూబులు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆస్బెస్టాస్‌లా హాని చేయొచ్చని ఎలుకల్లో తేలింది. ఆ జాగ్రత్త వాటి పొడితో పనిచేసేవాళ్లకి. కృత్రిమ గుండె కవాటాల్లో ఒక రకం కార్బన్‌ని దశాబ్దాలుగా వాడుతున్నారు.

అపోహ: షుగర్ ఉంటే ఇంప్లాంట్ పడదు.

వాస్తవం: అదుపులో ఉంటే పడుతుంది. పొగ మాత్రం నిజంగా శత్రువు. మేస్త్రికి పోయిన నెల గ్రాఫ్ట్ పెట్టాను. కుట్లు విప్పుతుంటే "ఈ పొడిలో నానో ఉందా బాబూ?" అన్నాడు. లేదని చెప్పి, చొక్కా జేబులోంచి తొంగి చూస్తున్న బీడీ కట్ట తీసి టేబుల్ మీద పెట్టమన్నాను.