పంది మాంసం, పచ్చబొట్టు, దశమభాగం: ధర్మశాస్త్రం మీద మన అపోహలు

ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులు వేసుకునే చోట నాకు అసలు ప్రశ్నలు ఎదురవుతాయి. "అయ్యగారూ, నల్ల (రక్తం) వేపుడు తినొచ్చా?" "మావాడు చేతిమీద సిలువ టాటూ వేయించుకున్నాడు, పాపమేనా?" పద్దెనిమిదేళ్లుగా సంఘ కాపరిగా ఇవే వింటున్నాను. అడిగేవాళ్ల టెన్షన్‌లో సగం మా బోధకులు పెట్టిందే. ఈ ప్రశ్నలన్నీ ధర్మశాస్త్రం చుట్టూ తిరిగేవి, అంటే బైబిల్లో మోషే ద్వారా వచ్చిన ఆజ్ఞల చుట్టూ.

అపోహ: మోషే ఇచ్చిన ఆజ్ఞలు మనుషులందరికీ.

వాస్తవం: అది సీనాయి దగ్గర దేవుడు ఇశ్రాయేలీయులతో చేసిన నిబంధన, అంటే ఒడంబడిక. రబ్బీల (యూదు మతగురువుల) లెక్కలో ఆజ్ఞలు 613. వాటిలో చాలావాటికి దేవాలయం, యాజకులు, ఆ దేశపు పొలం ఉండాలి. క్రీ.శ. 70లో రోమీయులు దేవాలయాన్ని కూల్చాక యూదులకే బలులు ఆగిపోయాయి. యేసును నమ్మిన అన్యజనులు (యూదులు కానివాళ్లు) సున్నతి పొందాలా అన్న గొడవ అంతకు ఇరవై ఏళ్ల ముందే అపొస్తలుల యెరూషలేము సభలో తేలింది, అక్కర్లేదని. నాలుగు మాత్రం మానమన్నారు: విగ్రహాలకు అర్పించినవి, జారత్వం, గొంతు పిసికి చంపినది, రక్తం (అపొస్తలుల కార్యములు 15).

నల్ల ప్రశ్న ఇక్కడిదే. యూదులు, అన్యజనులు ఒకే పంక్తిలో కూర్చుని తినగలగాలని ఆ నియమం పెట్టారని చాలామంది పండితుల మాట. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు మాత్రం రక్తం వద్దనే అంటాయి. నేను తినను, తినేవాళ్ల కంచం వంక చూడను. పంది మాంసం ఆ నాలుగింటిలో లేదు.

అపోహ: అయితే పాత నిబంధన కొట్టేసినట్టే.

వాస్తవం: రెండో శతాబ్దంలో మార్సియన్ అనే బోధకుడు ఇదే అన్నాడు, రోమా సంఘం అతణ్ణి వెలివేసింది. "నెరవేర్చుటకే గాని కొట్టివేయుటకు నేను రాలేదు" అన్నది యేసు మాట. ధర్మశాస్త్రం మనకు "బాలశిక్షకుడు" అని గలతీ పత్రికలో అపొస్తలుడైన పౌలు రాసింది చదవగానే మనకు పెద్ద బాలశిక్ష గుర్తొస్తుంది. గ్రీకులో ఉన్న పైదగోగోస్ పాఠం చెప్పే మాస్టారు కాదు. పిల్లవాణ్ణి బడికి తీసుకెళ్లి తెచ్చే, వాడి నడవడిక కనిపెట్టుకుని ఉండే ఇంటి బానిస. పిల్లవాడు పెద్దయితే ఆయన కాపలా అక్కర్లేదు. పౌలు చెప్పింది అదే.

అపోహ: నైతికం, ఆచారం, పౌరం అని బైబిలే మూడు భాగాలు చేసింది.

వాస్తవం: ఆ విభజనను 13వ శతాబ్దంలో థామస్ అక్వైనస్ అనే క్రైస్తవ పండితుడు స్పష్టంగా రాసిపెట్టాడు, తర్వాత ప్రొటెస్టెంట్లూ పట్టుకున్నారు. పనికొచ్చే పద్ధతే, నేనూ వాడతాను. కానీ లేవీయకాండం 19 తీసి చూడండి. 18వ వచనం పొరుగువాణ్ణి నిన్నులాగే ప్రేమించమంటుంది. 19వది రెండు రకాల నూలుతో నేసిన బట్ట కట్టొద్దంటుంది. మధ్యలో గీత లేదు. పచ్చబొట్టు వద్దన్న 28కి ముందు 27లో గడ్డం అంచులు గొరగవద్దని ఉంది. నున్నగా షేవ్ చేసుకొచ్చి టాటూల మీద ప్రసంగించే నాలాంటివాళ్లు కాస్త తడుముకోవాల్సిన చోటు ఇది.

అపోహ: జీతంలో పదోవంతు ఇవ్వకపోతే శాపం.

వాస్తవం: ధర్మశాస్త్రంలో దశమభాగం పంట మీద, పశువుల మీద. ఆలయ సేవ చేసే, సొంత భూమి లేని లేవీయులకు అదే జీవనం. అయితే ద్వితీయోపదేశకాండం 14 ప్రకారం పంట దశమభాగాన్ని ఆ కుటుంబమే దేవుని సన్నిధికి తీసుకెళ్లి తినాలి. దారి దూరమైతే అమ్మి, ఆ వెండితో అక్కడ ఎద్దో గొర్రో ద్రాక్షారసమో, మద్యమైనా సరే, కోరింది కొనుక్కోవచ్చు. ప్రతి మూడో ఏడాది దశమభాగం ఊళ్లోనే ఉంచి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాళ్లకు పెట్టాలి. ఈ అధ్యాయం మీద కానుకల ప్రసంగం నేను ఒక్కటీ వినలేదు, అందరూ దశమభాగం ఇవ్వకపోవడాన్ని శాపంతో ముడిపెట్టే మలాకీ 3 దగ్గరే ఆగుతారు. పౌలు అయితే సణుగుకోకుండా, బలవంతం లేకుండా ఎవరు మనసులో అనుకున్నంత వాళ్లు ఇవ్వాలన్నాడు. పదోవంతు ఇస్తానంటే సంతోషం. కూతురి ఫీజు కట్టలేక శాపమని వణికే తల్లికి మాత్రం ఆ భయం పెట్టకూడదు.

అపోహ: నెలసరిలో ఉంటే ప్రభువు బల్ల (యేసును తలచుకుని తీసుకునే రొట్టె, ద్రాక్షారసం) తీసుకోకూడదు.

వాస్తవం: లేవీయకాండం 15 నియమాలు దేవాలయపు శుద్ధికి సంబంధించినవి. అదే అధ్యాయం మగవాళ్ల అశుద్ధినీ చెబుతుంది, దాన్ని ఎవరూ ఎత్తరు. పన్నెండేళ్ల రక్తస్రావంతో వచ్చి తన వస్త్రం ముట్టుకున్న స్త్రీని యేసు "కుమారీ" అని పిలిచాడు. మా సంఘంలో ఒక అక్క కొన్నినెలలు బల్లప్పుడు వెనక గుమ్మం దగ్గరే నిలబడేది. కారణం తెలిసీ నేను ఏమీ అనలేదు, ఆడవాళ్ల విషయం కదా అని ఊరుకున్నాను. చివరికి మా ఆవిడే వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. రొట్టె అందుకునేటప్పుడు "ఏమీ కాదు కదా అయ్యగారూ?" అని మెల్లగా అడిగింది. ఏమీ కాదమ్మా అన్నాను.