కోనసీమ తీరాన కెరటాల రోజువారీ లెక్క

చైత్ర వైశాఖాల్లో ఆకాశంలో మబ్బుతునక లేని రోజున, కొబ్బరాకు కూడా కదలనంతగా గాలి స్తంభించిన వేళ, అంతర్వేది దగ్గరో ఓడలరేవు దగ్గరో సముద్రం బారులు తీరిన పెద్ద కెరటాలతో ఒడ్డును మోదుతూ కనిపించడం ఈ ప్రాంతంలో అరుదేమీ కాదు. గాలి లేనిదే అల పుట్టదని బడిలో చదువుకున్నవారికి ఇది వింతగా తోస్తుంది. ఆ నియమం నిజమే; కానీ ఆ గాలి ఇక్కడే వీచి ఉండనక్కరలేదు. అలాంటి కెరటాలను లేపిన గాలులు చాలాసార్లు భూమధ్యరేఖకు దక్షిణాన నలభై, యాభై డిగ్రీల అక్షాంశాల మధ్య, హిందూ మహాసముద్రం అడుగు కొసన, వారం కిందట వీచినవి.

లోతైన నీటిలో కెరటం వేగాన్ని నిర్ణయించేది దాని ఆవర్తన కాలం, అంటే ఒక శిఖరం దాటిపోయాక తరువాతి శిఖరం రావడానికి పట్టే సెకన్లు. ఆ సెకన్ల వర్గాన్ని 1.56తో గుణిస్తే రెండు శిఖరాల మధ్య దూరం మీటర్లలో తెలుస్తుంది. ఆరు సెకన్ల అలకు ఆ దూరం 56 మీటర్లు. 14 సెకన్ల కెరటానికి 300 మీటర్లకు పైమాటే. కెరటాల గుంపు మోసుకొచ్చే శక్తి విడి శిఖరం వేగంలో సగం వేగంతోనే నడుస్తుంది కాబట్టి, 14 సెకన్ల కెరటాల గుంపు గంటకు సుమారు 39 కిలోమీటర్లు, 18 సెకన్ల గుంపు సుమారు 50 కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. దక్షిణాన 45వ డిగ్రీ దగ్గర రేగిన తుఫానుకూ అంతర్వేదికీ మధ్య దూరం దాదాపు 6,800 కిలోమీటర్లు. ఆ దూరాన్ని 18 సెకన్ల కెరటాలు ఐదున్నర రోజుల్లో దాటితే, అదే తుఫానులో పుట్టిన 14 సెకన్ల కెరటాలకు ఏడు రోజులు పైన పడుతుంది. అందువల్ల ఒడ్డుకు ముందుగా చేరేవి పొడవాటివి, ఎక్కువ వ్యవధితో ఒకదాని తరువాత ఒకటి విరిగేవి. తరువాతి రోజుల్లో వ్యవధి క్రమంగా తగ్గుతూ వస్తుంది. ఈ తగ్గుదలను కొలిచి, ఎంత దూరంలో, ఏ రోజున తుఫాను రేగిందో వెనక్కి లెక్కకట్టవచ్చు. వాల్టర్ మంక్ అనే సముద్ర శాస్త్రవేత్త 1963లో, అంటార్కిటికా చుట్టుపక్కల పుట్టిన కెరటాలు పసిఫిక్ మహాసముద్రాన్ని దాటి అలాస్కా వరకు వెళ్లడాన్ని దారిపొడవునా పరికరాలు ఉంచి నిరూపించారు.

ఇంత పెద్ద విషయాన్ని తెలుసుకోవడానికి ఒడ్డున నిలబడినవారికి చేతి గడియారం చాలు. ఒకే చోట విరిగే కెరటాలను వరుసగా పదకొండు లెక్కించి, మొదటిదానికీ పదకొండోదానికీ మధ్య గడిచిన సెకన్లను పదితో భాగిస్తే ఆవర్తన కాలం వస్తుంది. ఐదారు సెకన్లు వస్తే అవి దగ్గరలో వీచిన గాలి లేపిన అలలు. పన్నెండు, పద్నాలుగు వస్తే అవి దూరపు కెరటాలు. వాటినే శాస్త్రజ్ఞులు స్వెల్ అంటారు. చాలా రోజుల్లో రెండూ కలగలిసి వస్తాయి కనుక ఓపికగా రెండు మూడుసార్లు లెక్కించాలి.

ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది కాబట్టి దీన్ని కొంత వివరంగా చెప్పుకోవాలి. కెరటానికి నీటి అడుగు తగలడం మొదలయ్యేది దాని పొడవులో సగం లోతు దగ్గర. ఆరు సెకన్ల అల 28 మీటర్ల లోతుకు వచ్చేదాకా నేలను ఎరగదు; 14 సెకన్ల కెరటం 150 మీటర్ల లోతు నుంచే నేల ప్రభావానికి లోనవుతుంది. అక్కడి నుంచి అది వేగం కోల్పోతూ, పొడవు కుదించుకుంటూ, ఆ శక్తినంతా ఎత్తులోకి మార్చుకుంటుంది. నడిసముద్రంలో రెండూ ఒకే మీటరు ఎత్తున్నా, ఒడ్డున విరిగే వేళకు ఆరు సెకన్ల అల సుమారు 1.25 మీటర్లకు పెరిగితే, 14 సెకన్ల కెరటం సుమారు 1.75 మీటర్లకు లేస్తుంది. పైగా దాని వెనక ఉన్న నీటి రాశి ఎక్కువ. మోకాలి లోతులో నిలబడిన మనిషిని అది ఒక్క తాకిడికి పడగొట్టి, వెనక్కి జారేటప్పుడు కాళ్ల కింది ఇసుకను కూడా లాక్కుపోతుంది. రెండు కెరటాల నడుమ దొరికే సుదీర్ఘమైన ప్రశాంతతను చూసి సముద్రం నిమ్మళంగా ఉందని అనుకోవడం వల్లనే, గాలి లేని రోజుల్లో కొత్తవారు ఎక్కువగా మోసపోతారు.

దగ్గరి అలలది వేరే పద్ధతి. వేసవిలో తెల్లవారుజామున నేల చల్లబడి గాలి తీరం నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. ఆ గాలి కెరటాల ముఖాన్ని నునుపు చేస్తుంది, చిన్న అలలను అణచివేస్తుంది. పది, పదకొండు గంటల ప్రాంతంలో నేల వేడెక్కాక గాలి మళ్లి ఆగ్నేయం నుంచి సముద్రపు గాలిగా మొదలై, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు గంటల మధ్య బలం పుంజుకుంటుంది. అందుకే పేరుపాలెంలో ఉదయం చూసిన సముద్రం సాయంత్రానికి అక్కడక్కడా తెల్లని నురగతో, క్రమం తప్పిన పొట్టి అలలతో కనిపిస్తుంది. మే నెలలో పడమటి వేడిగాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి ఆలస్యంగా మొదలవుతుంది, కొన్నిసార్లు లోపలికి రానేరాదు. అమలాపురంలో ఎండ భరించరానంతగా ఉన్న ఆ రోజుల్లోనే తీరంలో దగ్గరి అలలు తక్కువగా ఉండడానికి కారణం ఇదే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల కాలం. అప్పుడు గాలి అలలూ దూరపు కెరటాలూ కలిసి సముద్రాన్ని ఏడాదిలోకెల్లా ఎక్కువ కాలం అలజడిగా ఉంచుతాయి.

హైదరాబాదులో ఉన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అందరూ ఇన్‌కాయిస్ అనే సంస్థ, కెరటాల ఎత్తు, దిశ, ఆవర్తన కాలం, గాలి, ప్రవాహాలను ముందుగా అంచనా కట్టి ప్రతిరోజూ ప్రకటిస్తుంది. దూరపు కెరటాలు ఎక్కువగా రాబోతున్నప్పుడు ప్రత్యేక హెచ్చరికలూ ఇస్తుంది. ఈ సూచనల్లో కనిపించే ఎత్తును చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. రెండు మీటర్లు అని ఉంటే ఏ కెరటమూ రెండు మీటర్లు దాటదని దాని అర్థం కాదు. వచ్చిన కెరటాలను ఎత్తును బట్టి వరుసలో పెట్టి, అందులో పెద్దవైన మూడోవంతుకు సగటు తీస్తే వచ్చే అంకె అది. వెయ్యి కెరటాల్లో ఒకటి దానికి దాదాపు రెట్టింపు ఉంటుందని గణితం చెబుతుంది. ఎనిమిది సెకన్లకు ఒక కెరటం చొప్పున లెక్కేస్తే వెయ్యి కెరటాలు రావడానికి రెండు గంటల పావు కూడా పట్టదు. అంటే రెండు మీటర్లని చెప్పిన రోజున, ఒక పూట వేట సాగించే చిన్న పడవ నాలుగు మీటర్ల కెరటానికి కనీసం ఒకసారి ఎదురుపడే అవకాశం బాగా ఉంది. తీరప్రాంత పత్రికలూ స్థానిక అధికారులూ ఎత్తుతో పాటు ఆవర్తన కాలాన్ని, ఆ రోజు పోటు వేళను కూడా తప్పక ప్రకటించాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ మూడూ కలిస్తేనే అది ఒడ్డున ఉన్నవారికి పనికొచ్చే సమాచారం అవుతుంది.

పోటు ఆటుల విషయంలో ఈ తీరవాసులకు పంచాంగమే చాలావరకు దారి చూపింది. ఇక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కనుక, ఈరోజు వచ్చిన పోటు రేపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ, నిజానికి వాటి మర్నాడో ఆ మర్నాడో, కాకినాడ ప్రాంతంలో పోటుకూ ఆటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. అష్టమి దాటిన రోజుల్లో అది బాగా తగ్గిపోతుంది. ఒకటిన్నర మీటరు చిన్నదిగా వినిపించవచ్చు. యాభై అడుగులకు ఒక అడుగు చొప్పున దిగే చదునైన ఇసుక తీరంలో ఆ ఒకటిన్నర మీటరుకే నీరు 75 మీటర్లు ముందుకు వస్తుంది, అందులోనూ సగం పెరుగుదల నడిమి రెండు గంటల్లోనే జరిగిపోతుంది. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో స్నానంతో మొదలై మాఘ శుద్ధ ఏకాదశినాడు అంతర్వేదిలో ముగిసే సప్తసాగర యాత్ర, ఈ లెక్కన చూస్తే, పెద్ద పోటు దగ్గర ప్రారంభమై, అష్టమి నాటి చిన్న పోటును దాటి, నీరు తిరిగి పెరగడం మొదలుపెట్టే రోజుల్లో పూర్తవుతుంది. కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి స్నానాలకు వేలమంది తీరానికి చేరేది మాత్రం సరిగ్గా నీరు అత్యంత దూరం ముందుకూ వెనక్కూ కదిలే రోజుల్లో. స్నానఘట్టం దగ్గర తాడు ఎక్కడ కట్టాలో నిర్ణయించేవారు ఆ రోజు పోటు వేళను చూసి కట్టడం అందుకే అవసరం.

డెల్టా తీరానికి ఉన్న మరో చిక్కు మొగల దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట్ల, కనిపిస్తుంది. అంతర్వేది దగ్గర వసిష్ఠ, ఓడలరేవు దగ్గర వైనతేయ, యానాం దిగువన గౌతమి సముద్రంలో కలిసే ప్రతి మొగ ముందరా నది తెచ్చిన ఇసుక మేటవేసి ఉంటుంది. ఆటు సమయంలో నదిలోకి ఎక్కిన నీరంతా బయటికి పరుగెడుతుంది. ఎదురుగా వచ్చే కెరటం ఆ ప్రవాహాన్ని తట్టుకోలేక పొడవు కుదించుకుని, నిటారుగా లేచి, మేట మీదనే విరుగుతుంది. బయట సముద్రంలో మీటరున్న కెరటం మొగలో పడవను తిరగవేయగలిగినంత ప్రమాదకరంగా మారేది ఇక్కడే. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్ల మత్స్యకారులు పోటు మీద మొగ దాటడానికి ఇష్టపడడం వెనక ఈ భౌతికశాస్త్రమే ఉంది. జూలై, ఆగస్టుల్లో వరద వస్తే ఈ వెసులుబాటు కూడా ఉండదు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరవేసేది ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు. 1986 ఆగస్టులో అది 35 లక్షలు దాటింది. అంత నీరు దిగుతున్నప్పుడు పోటు వేళ కూడా మొగలో ప్రవాహం బయటికే ఉంటుంది. మేటలు ఆ వరదలోనే స్థానం మారతాయి కాబట్టి, నిరుటి దారి ఈ ఏడు దారి కాకపోవచ్చు. సెల్‌ఫోనులో కనిపించే కెరటాల సూచన విశాలమైన సముద్ర ప్రాంతానికి లెక్కించినది. మొగలో జరిగేది అందులో ఉండదు. అక్కడ ఆ ఊరి సరంగు మాటే వినాలి.

ఇసుక తీరంలో కూడా నీటి అడుగున, ఒడ్డుకు సమాంతరంగా మేటలు ఉంటాయి. వాటిని దాటి లోపలికి వచ్చిన కెరటాల నీరు ఒడ్డుకూ మేటకూ మధ్య పేరుకుని, మేట తెగిన ఇరుకు చోటు వెతుక్కుని సముద్రంలోకి దూసుకుపోతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. అది మనిషిని నీటి అడుగుకు లాగదు, ఒడ్డుకు దూరంగా సముద్రంలోకి మోసుకుపోతుంది. ఉధృతంగా ఉన్నప్పుడు దాని వేగం సెకనుకు రెండు మీటర్ల దాకా చేరుతుంది, అంటే ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎక్కువసేపు ఎదురీదలేడు. కెరటాలు విరుగుతున్న రెండు చోట్ల మధ్య విరగకుండా, నురగ లేకుండా, కాస్త ముదురు రంగులో కనిపించే నీటి పాయే దాని జాడ. పిల్లలను తీసుకొచ్చినవారు శాంతంగా ఉందని ఎంచుకునేది సరిగ్గా ఆ చోటునే కావడం ఎంతో బాధ కలిగించే విషయం. అందులో చిక్కినవారు ఒడ్డువైపు ఈదకుండా, తేలుతూ చెయ్యి ఎత్తి సాయం పిలవాలి. ఈత వచ్చినవారు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, కెరటాలు విరిగేచోటికి చేరాక వాటితో కలిసి రావాలి. రక్షించబోయేవారు ఖాళీ డబ్బానో, ట్యూబునో చేత పట్టుకోకుండా నీళ్లలోకి దిగకూడదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల కాలం. బంగాళాఖాతంలో వాయుగుండం సాధారణంగా గంటకు పదిహేను, ఇరవై కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అది లేపిన 12 సెకన్ల కెరటాలు గంటకు 34 కిలోమీటర్ల వేగంతో దాన్ని దాటి ముందుకొచ్చేస్తాయి. కాబట్టి గాలీ మబ్బూ లేకముందే ఒడ్డున కెరటం బరువెక్కితే పెద్దలు పడవలను పైకి లాగించడంలో అర్థం ఉంది. కాకినాడ రేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగిరిందంటే దూరాన సముద్రంలో వాయుగుండం ఉందనీ, మూడో నంబరు అంటే రేవు మీదికే ఈదురుగాలులు రావచ్చనీ, ఎనిమిది నుంచి పది వరకు అత్యంత ప్రమాదమనీ అర్థం. ఉప్పెన మాత్రం ఈ కెరటాల లెక్కకు అందదు. అది గాలి తోసుకొచ్చిన సముద్ర మట్టమే. దాని మీద కెరటాలు స్వారీ చేస్తాయి. 1839 నవంబరులో కోరంగి రేవును ఊడ్చేసినది అదే. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దిగువన తీరం దాటిన తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసింది.

ఒకే కెరటం తీరమంతటా ఒకే ఫలితం ఇవ్వకపోవడానికి ఉప్పాడ ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన ఉదాహరణ. నైరుతి కాలపు కెరటాలు ఒడ్డుకు ఏటవాలుగా తగులుతూ ఇసుకను ఈశాన్యం వైపు నెడతాయి. గౌతమి తెచ్చిన ఇసుక అలా జరిగి, కాకినాడ ఎదుట పదహారు కిలోమీటర్లకు పైగా పొడవైన ఇసుక దిబ్బగా, అంటే హోప్ ఐలాండ్‌గా పెరిగింది. దాని వెనక కాకినాడ రేవు చెరువులా ప్రశాంతంగా ఉంటుంది. దిబ్బ కొసకు ఉత్తరాన ఉన్న ఉప్పాడకు మాత్రం ఆ ఇసుక సరిగా అందదు, దిబ్బ నీడా పూర్తిగా దక్కదు. ఎగువన ఆనకట్టలు పెరిగి గోదావరి మోసుకొచ్చే మట్టి తగ్గడంతో మొత్తం డెల్టా తీరానికే పోషణ కొరవడింది. రాతికట్టలు వేసినా ఉప్పాడలో ఇళ్లు కోతకు గురవుతూనే ఉన్నాయి. సూచనలో రెండున్నర మీటర్ల కెరటాలని ఉన్న రోజు పౌర్ణమి పోటుతో కలిస్తే, రేవులో లంగరు వేసిన ఓడలు అంతగా కదలకపోయినా, కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు మీదికి నీళ్లూ రాళ్లూ ఎక్కి రాకపోకలు ఆపవలసి వస్తుంది.