మండేన్ అంటే ‘ప్రాపంచికం’ అని రాసేస్తున్నారా?

అనువాదకుడిగా నేను దిద్దే ప్రతుల్లో పదేపదే ఎర్రసిరా పడే ఇంగ్లీషు మాట ‘మండేన్’ (mundane). దాని చుట్టూ అల్లుకున్న అపోహలివి.

అపోహ: మండేన్ అంటే ప్రాపంచికం. నిఘంటువే చెబుతోంది కదా!

వాస్తవం: నిఘంటువు తప్పు చెప్పలేదు. లాటిన్‌లో ‘ముందుస్’ అంటే లోకం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో ఈ మాటకు ఇహలోకానికి చెందినదనే అర్థం. నేటి రచనల్లో మాత్రం ఎక్కువగా కనిపించేది రోజూ ఉండేది, కొత్తదనం లేనిది అన్న అర్థమే. మొన్న ఒక కథ అనువాదంలో ‘ఆమె ప్రాపంచిక కార్యాలతో అలసిపోయింది’ అని ఉంది. మూలంలో ఆమె చేస్తున్నది గిన్నెలు తోమడం, ఉతికిన బట్టలు మడతపెట్టడం, కరెంటు బిల్లు కట్టడం. ‘ప్రాపంచిక’ అనగానే మన మనసు వైరాగ్యం వైపు మళ్లుతుంది. సబ్బునురగ అంటిన ఆ చేతులు కనబడకుండా పోతాయి. ‘రోజూ ఉండే పనులతో’ అని దిద్దాను.

‘లౌకిక’ అన్నా చిక్కే. 1976లో 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలో చేరిన ‘సెక్యులర్’కు తెలుగులో స్థిరపడిన మాట అది. అదే లోకం నుంచి వచ్చిన ‘లౌక్యం’ మరో దారిన నడిచి, నేర్పుగా మసలుకోవడం అయింది. మండేన్‌కు తోబుట్టువైన ఫ్రెంచి మాట ‘మోందెన్’ను చూడండి. అది పెద్దింటివారి విందులకూ వేడుకలకూ సంబంధించినది! ఈ మాటల ప్రయాణాలు తెలుసుకోవడం నాకు ఎంతో ఇష్టం.

అపోహ: ‘మండే’, అంటే సోమవారం, తెచ్చే విసుగులోంచే మండేన్ పుట్టింది.

వాస్తవం: చుట్టరికమే లేదు. మన సోమవారంలాగే మండే కూడా చంద్రుడి రోజు. పలికేటప్పుడు మండేలో ఊనిక మొదట పడుతుంది, మండేన్‌లో ‘డేన్’ మీద పడుతుంది.

అపోహ: సామాన్యుణ్ణి మండేన్ మనిషి అనవచ్చు.

వాస్తవం: అనకండి, నొచ్చుకుంటాడు. సామాన్యుడికి ‘ఆర్డినరీ’ ఉంది. మండేన్ సాధారణంగా పనులకు, వివరాలకు, జీవితానికి విశేషణం. ఉద్యోగం ముందు వస్తే నేను ‘విసుగు పుట్టించే’ అంటాను. వివరాల ముందైతే ‘చిన్నాచితకా’, జీవితం ముందైతే ‘మామూలు’. ఒక్కోసారి రచయిత ఆ మామూలుతనాన్ని ప్రేమగానే చూపిస్తాడు. అక్కడ ‘విసుగు’ అని రాస్తే అతనికి అన్యాయం చేసినట్టే.